ఏడో డిమాండు

అర్జునరావు ఏదడిగినా రెండింతలు అడుగుతాడు. అది అత్యాశ కాదు, పద్ధతి. స్టీల్ ప్లాంటులో చేరిన కొత్తల్లోనే యూనియన్‌లోకి వెళ్లి, రిటైరయ్యేదాకా మేనేజ్‌మెంటుతో చర్చలంటే బల్లకి ఇటుపక్క మధ్య కుర్చీలో కూర్చున్న మనిషి ఆయన. అటుపక్క వాళ్లు ఏదడిగినా సగానికి కోస్తారని తెలిసి కూడా కోతకి సరిపడా పెంచి అడక్కపోతే, తప్పు అడిగినవాడిదేనని ఆయన సిద్ధాంతం. గాజువాక వెనక కాలనీలో సొంతిల్లు కట్టుకుని స్థిరపడ్డాక మనిషి రిటైరయ్యాడు గాని సిద్ధాంతం ఇంకా డ్యూటీలోనే ఉంది.

ఇంట్లో ఆయన భార్య పైడితల్లికి ఈ సంగతి బాగా తెలుసు. ఆయన నాలుగు గారెలు పెట్టమంటే రెండు పెడుతుంది. ఒకరోజు ఆయనకి నిజంగానే నాలుగు గారెల ఆకలి వేసింది. ఎనిమిది అడిగాడు. ఆవిడ ఓసారి వీధి గుమ్మంకేసి చూసి, ఎవరూ రావడం లేదని రూఢి చేసుకుని, నాలుగు పెట్టింది. సంసారం ఆ లెక్క మీద చక్కగా నడిచిపోతోంది.

బయట మాత్రం అప్పుడప్పుడు ఎదురు తన్నేది. ఎడమ మోకాలు నొప్పెడితే డాక్టరు దగ్గర రెండు మోకాళ్లూ అని చెప్పాడు. ఒకటంటే తేలిగ్గా తీసుకుంటారని ఆయన భయం. రెండింటికీ ఎక్స్‌రే తీస్తే, అరుగుదల కుడి మోకాల్లో బయటపడింది. ఇప్పుడు ఆయన నొప్పి లేని కాలికి మందు రాసుకుంటూ, నొప్పి ఉన్న కాలితో కుంటుతాడు.

పైడితల్లి అడిగే మనిషి కాదు. పెళ్లయిన ఇన్నేళ్లలో గట్టిగా అడిగింది ఒక్కటే, ఎండ తగిలే డాబా. క్వార్టర్లో ఉన్నన్నాళ్లూ ఆవిడ వడియాలు మెట్ల పక్క పిట్టగోడ మీద పెట్టుకునేది. పైవాళ్ల చెప్పుల దుమ్ము కొంత, కాకులకి కొంత, గాలికి కొంత పోగా, డబ్బాలోకి వచ్చేవి వినాయక చవితి దాకా కూడా చాలేవి కావు. అందుకే ఇల్లు కట్టినప్పుడు కాలనీలో అందరూ పైన వాటాలు లేపి అద్దెకిచ్చుకున్నా, అర్జునరావు మాత్రం పైన ఇటుక పెట్టలేదు. ఆ డాబా పైడితల్లిది. మాఘమాసం వెళ్లేసరికి ఆనందపురం నుంచి బూడిద గుమ్మడికాయలు దిగేవి. అక్కణ్ణించి వానలు పడేదాకా ఆ డాబా మీద పాత పంచెల మీద గుమ్మడి వడియాలు, పిండి వడియాలు, చల్ల మిరపకాయలు. పైడితల్లి నడుముకి కొంగు దోపుకుని ఎండలో వాటి మధ్య తిరుగుతుంటే, ఆవిడకింక ఏ లోటూ లేదని కింద నుంచి చూసే అర్జునరావుకి కూడా తెలిసేది.

పడమటి వైపు అప్పలసూరి ఇల్లు. ప్లాంటులో క్రేను నడిపిన మనిషి, వరసకి బావ, అన్నిటికీ తోడు. కాకపోతే ఆయన మూడంతస్తులు లేపేసరికి మధ్యాహ్నం తర్వాత ఎండ అటునుంచి రావడం మానేసింది. తూర్పున ఖాళీ స్థలం. ఎవరిదో గేదె మేస్తుండేది. వడియాలన్నీ ఆ తూర్పెండ పుణ్యమే.

ఒక ఉదయం గేదె ఉండే చోట బోర్డు నిలబడింది. బోర్డు మీద బొమ్మలో ఐదంతస్తుల అపార్టుమెంటు, దాని ముందు పచ్చగడ్డి, గడ్డి మీద తెల్లకుక్కని పట్టుకుని నడుస్తున్న ఎవరో దొరసాని. బిల్డరు పేరు దేవీప్రసాద్.

పైడితల్లి డాబా మీద నుంచి బోర్డునీ, సూర్యుణ్ణీ మార్చి మార్చి చూసి కిందికి దిగింది.

“మావా, ఐదంతస్తులు లేపుతారంట. నాకు తూర్పెండ పోద్ది.”

“పోదు.”

“పడమర మీ బావ ఎప్పుడో కప్పీసినాడు. ఇక మిగిలేది నడినెత్తి ఎండే. దాంతోటి వడియం పైన ఎండుతాది, లోపల పచ్చిగా ఉంటాది. బూజు పట్టీద్ది.”

“పోదంటే పోదే పైడీ. నానున్నాను కదా.”

ఆయన రెండింతలు చేయకుండా మాట్లాడే మాటలు తక్కువ. ఇది అలాంటిదని నమ్మి ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

సాయంత్రం అప్పలసూరి ఇంటి మెట్ల కింద కాలనీ పెద్దలు కూడారు. ఎమ్మెల్యే ఉమామహేష్ గారికి వినతిపత్రం ఇవ్వాలని అందరూ అన్నారు. రాసే బాధ్యత ఎవరిదో అడగనక్కర్లేదు. అర్జునరావు కళ్లజోడు తుడుచుకున్నాడు.

“మొత్తం తొమ్మిది డిమాండ్లు రాత్తన్నాను,” అన్నాడు.

“మనకి కావాల్సింది ఒకటే కదా బావా. తూర్పు స్థలంలో రెండంతస్తులకి మించి కట్టొద్దని. మిగతావేటి?” అన్నాడు అప్పలసూరి.

“అవి వదులుకునే డిమాండ్లు.”

“వదులుకునేటప్పుడు రాయడం దేనికి?”

అర్జునరావు జాలిగా చూశాడు. “క్రేను తోలీవోడివి, నీకు చర్చలేం తెలుస్తాయి? ఒకటే రాస్తే ఆ ఒకటే కొట్టీస్తారు. తొమ్మిది రాస్తే ఎనిమిది కొట్టి అలిసిపోయి ఒకటిస్తారు. మొదట్లో పెడితే ఓపిక మీదుంటారు, ఆఖర్న పెడితే లేచెల్లిపోతారు. ఆ అలిసిపోయే చోట మనది పెట్టాల. నా సర్వీసంతా చూసినాను, ఏడో దగ్గర అలిసిపోతారు.”

ఏడో స్థానం అలా ఖరారైంది. మిగతా ఎనిమిదీ ఎంత అసాధ్యంగా ఉంటే అంత మంచిదని తేల్చారు. కాలనీలో ఉన్నది పాతిక అడుగుల రోడ్డు. దాన్ని నలభై చేయాలని మొదటిది. ఆ తర్వాత పెద్ద డ్రెయిను, వీధి దీపాలు, గాజువాక నుంచి కాలనీలోపలికి సిటీ బస్సు, వ్యాయామానికి ఓపెన్ జిమ్ము, కాలనీ మొగలో ఆర్చి, కమ్యూనిటీ హాలు. తొమ్మిదోది తట్టక ఆలోచిస్తుంటే, “ఫౌంటెన్ రాసీయ్ బావా,” అన్నాడు అప్పలసూరి. రోజు విడిచి రోజు కుళాయి వచ్చే కాలనీలో ఫౌంటెన్! ఇంతకన్నా ఖాయంగా కొట్టేసే డిమాండు ఇంకొకటి ఉండదని అర్జునరావు భుజం తట్టాడు.

రోడ్డు వెడల్పు అడిగితే ఇళ్ల ముందు జాగా ఎవరిస్తారని అడుగుతారు కాబట్టి, మా ప్రహరీలు మేమే ఇష్టపూర్వకంగా వదులుకుంటామని ఒక కాగితం కూడా జతచేశారు. దాని మీద మొదటి సంతకం అర్జునరావుదే.

“నిజంగా ఇచ్చీసినారనుకో?” అన్నాడు అప్పలసూరి పెన్ను పట్టుకుని.

“అడిగిందల్లా ఇచ్చీసినోడిని నువ్వెప్పుడైనా చూసినావేటి?”

చూడలేదు కాబట్టి అప్పలసూరి సంతకం చేశాడు. కాలనీ అంతా చేసింది.

మరుసటి వారం శాలువా, నిమ్మకాయలు పట్టుకుని ఎమ్మెల్యే ఆఫీసుకి వెళ్లారు. ఉమామహేష్ నలభై దాటని మనిషి, అందరినీ బాబాయ్ అనో పిన్నీ అనో పిలుస్తాడు. శాలువా కప్పించుకుని, నిమ్మకాయలు బల్ల మీద పెట్టి, వినతిపత్రం చదవడం మొదలుపెట్టాడు. అర్జునరావు కుర్చీ అంచుకి జరిగాడు. ఇలాంటి చోట ఆయనకి ప్రాణం లేచొస్తుంది. అవతలివాడు మొదటిది కాదంటాడు, మనం నిట్టూరుస్తాం. రెండోది కాదంటాడు, మనం బల్ల గుద్దుతాం. మూడోదానికి లేచి నిలబడతాం. ఇదంతా ఆయనకి ఊపిరి పీల్చడం లాంటిది.

ఉమామహేష్ జతచేసిన కాగితం తిప్పి చూసి ఆగిపోయాడు. “బాబాయ్! ఇవి నిజం సంతకాలేనా?”

“కాలనీ అంతా చేసింది బాబూ.”

“ప్రతి కాలనీ వాళ్లూ రోడ్డు అడుగుతారు గాని, గోడ ముట్టుకుంటే కోర్టుకెళ్తామంటారు. మార్చిలోగా పనులు చూపించాలి, ఎక్కడ చూపించాలో తెలీక నాకు నిద్ర పట్టడం లేదు. గోడలు మేమే ఇస్తామన్న మనుషుల్ని ఇవాళే చూస్తున్నాను.” ఆకుపచ్చ ఇంకు పెన్ను తీశాడు. “రోడ్డు ఓకే.”

అర్జునరావు నిట్టూర్చడానికి తీసిన ఊపిరి లోపలే ఉండిపోయింది.

“డ్రెయిను ఓకే. దీపాలు ఓకే. రోడ్డు పడితే బస్సు అడ్డేముంది, ఓకే. జిమ్ము సామాను ఒక సెట్టు గోడౌన్లో పడుంది, ఓకే. ఆర్చి...” అని పెన్ను గీసుకుంటూ పోయాడు. ఏడో దగ్గర పెన్ను ఆగింది. దాటి ఎనిమిదికి వెళ్లింది. ఫౌంటెన్ దగ్గర ఆయన ముఖం వెలిగిపోయింది. “ఇది నాకు తట్టలేదు బాబాయ్, రంగు లైట్లు కూడా పెట్టిద్దాం.”

అప్పుడు వెనక్కి ఏడోదానికి వచ్చాడు. “ఇదొక్కటీ ప్రైవేటు స్థలం. వాళ్లకి ప్లాను ఉంది. ఎనిమిది ఇచ్చాను, ఒకటి మీరు నాకోసం వదిలేయండి.”

ఇక్కడ అర్జునరావుని అర్థం చేసుకోవాలి. సర్వీసు మొత్తంలో తొమ్మిదింటికి రెండు వస్తే ఆయన్ని భుజాల మీద ఊరేగించేవారు. మూడొచ్చిన ఏడాది గేటు దగ్గర బాణసంచా కాల్చారు. తొమ్మిదింటికి ఎనిమిది అనే మాట ఆయన చెవిలో పడగానే కళ్లలో నీళ్లు తిరిగాయి, కుడి చెయ్యి తనంతట తాను లేచి బల్ల మీదుగా వెళ్లి ఎమ్మెల్యే చెయ్యి పట్టుకుంది.

“ఒప్పుకున్నాం బాబూ,” అన్నాడు.

అప్పలసూరి డొక్కలో గిల్లాడు గాని అప్పటికే చెయ్యి రెండుసార్లు ఊగిపోయింది. మెట్లు దిగుతుంటే గాని అర్జునరావుకి ఏడోది గుర్తు రాలేదు.

కాలనీ మొగలో డప్పులు మోగాయి. మెడలో దండతో, ఎడం కాలు కుంటుతూ ఇంటి ముందుకి వచ్చేసరికి గుమ్మంలో పైడితల్లి.

“ఏడోది?” అంది.

“ఎనిమిది ఇచ్చీసినారే! చరిత్రలో నేదు!”

“ఏడోది మావా.”

అర్జునరావు కాళ్లు కడుక్కోవాలని పెరట్లోకి వెళ్లాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

ఆ తర్వాత పనులు ఎంత వేగంగా జరిగాయంటే, గవర్నమెంటు మీద ఉన్న నమ్మకాలన్నీ కాలనీవాళ్లు మార్చుకోవలసి వచ్చింది. జేసీబీ వచ్చి ప్రహరీలు పడగొట్టింది. అర్జునరావు ఇంటికి గోడతో పాటు ముందు మెట్లు కూడా పోయాయి. తలుపు తెరిస్తే నేరుగా కింద రోడ్డే. ఆయన ఓ ప్లాస్టిక్ స్టూలు వేసుకుని ఎక్కి దిగేవాడు. బస్సు సరిగ్గా ఆ గుమ్మం ముందే ఆగేది. కిటికీ సీటు వాళ్లకి ఆయన టీవీ స్పష్టంగా కనిపించేది. పైడితల్లి సీరియల్ చూస్తున్నప్పుడు ప్రకటనలు వచ్చేదాకా డ్రైవరు బస్సు కదపడం లేదని కొందరు ప్రయాణికులు గొడవపడ్డారు. ఒకసారి కండక్టరు తల లోపలికి పెట్టి, “పెద్దమ్మా, చేపల పులుసేటి?” అని అడిగి, టిక్కెట్లు కొట్టుకోవడానికి వెళ్లిపోయాడు.

అప్పలసూరి జిమ్ముకి అలవాటు పడ్డాడు. పొద్దున్నా సాయంత్రం లుంగీ ఎగ్గట్టి ఆ తొక్కే యంత్రం మీదే ఉండేవాడు. ఫౌంటెన్‌కి రంగు లైట్లు పెట్టారు, నీళ్లు రాలేదు. ఎండ పోతే ఏంచేయాలో ముందే చూసుకుందామని పైడితల్లి ఒకరోజు ఆ ఎండు తొట్టిలో పంచె పరిచి వడియాలు పెట్టి చూసింది. బస్సు రెండు ట్రిప్పులు తిరిగేసరికి వడియాలకి డ్రెయిను తవ్విన మట్టి అద్దుకుంది. ఏరి పారబోసి ఇంటికి వచ్చింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేదని ఆయనకి అనిపించింది.

అలా ఉండగా బిల్డరు దేవీప్రసాద్ కాజాల పెట్టె పట్టుకుని స్టూలెక్కి లోపలికి వచ్చాడు. వస్తూనే అర్జునరావు కాళ్లకి దణ్ణం పెట్టాడు.

“గురువుగారూ, మీరు మా పాలిట దేవుడు. పాతిక అడుగుల రోడ్డు మీద ఐదంతస్తులకి మించి కట్టనివ్వరు. ఎత్తు ఎప్పుడూ రోడ్డు వెడల్పును బట్టే. ఇప్పుడు నలభై అయింది కదా, ప్లాను మార్చి పెట్టేశాను. పన్నెండు అంతస్తులు!”

అర్జునరావు చేతిలో కాజా అలాగే ఉండిపోయింది. వంటింట్లో గిన్నె కింద పడిన చప్పుడు వినిపించింది.

మరునాడు తూర్పు స్థలంలో పెద్ద ఫ్లెక్సీ లేచింది. రిటైర్మెంటు రోజున హెల్మెట్ పెట్టుకుని నవ్వుతూ తీయించుకున్న అర్జునరావు ఫొటో, పక్కన నమస్కారం పెడుతున్న దేవీప్రసాద్, కింద ‘కాలనీ అభివృద్ధి ప్రదాతకు కృతజ్ఞతాభివందనాలు’. గాలికి చిరిగిపోకుండా రెండు సరుగుడు కర్రలు పాతి బాగా ఎత్తుగా కట్టారు. పైడితల్లి వడియాలు పెట్టడానికి డాబా ఎక్కేసరికి, పంచెలో సగం మీద నీడ పడి ఉంది. తల తిప్పి చూసింది. సూర్యుడికి అడ్డంగా మొగుడు పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు.

పంచె మడిచి కిందికి తెచ్చేసింది.

అర్జునరావు మళ్లీ కమిటీని కూడదీశాడు. తెచ్చుకున్నవన్నీ వెనక్కి ఇచ్చేద్దామన్నాడు. రోడ్డు మళ్లీ పాతిక అడుగులు చేయమని, మిగతావి పట్టుకుపొమ్మని వినతిపత్రం రాద్దామన్నాడు.

“బస్సు ఇచ్చీమంటావేటి?” అంది ఒకావిడ. “లైట్లు ఇచ్చీమంటావేటి?” అన్నాడు ఇంకొకాయన. అప్పలసూరి తొక్కే యంత్రం మీద నుంచి దిగకుండానే, “బావా, నీకోసం పేణమైనా ఇస్తాను గాని జిమ్ము ఇవ్వను. కావాలంటే ఫౌంటెన్ పట్టుకుపొమ్మను,” అన్నాడు.

దాంతో ఒక్కడే బయల్దేరాడు. ఈసారి కాగితం మీద ఒకటే డిమాండు రాశాడు. జీవితంలో ఒకటే రాయడం అదే మొదలు. తూర్పు స్థలంలో రెండంతస్తులకి మించి వద్దు, మా ఆవిడ వడియాలకి ఎండ కావాలి. అంతే. పెంచలేదు, కలపలేదు.

ఉమామహేష్ చదివాడు. కాగితం వెనక్కి తిప్పాడు. కవరులోకి తొంగి చూశాడు.

“మిగతావి ఏవి బాబాయ్?”

“ఇంకేవీ నేవు బాబూ. ఒకటే.”

“ఒకటే అడిగితే ఎలా?” ఉమామహేష్ నిజంగానే కంగారుపడ్డాడు. “ఇస్తే మొత్తం మీవైపు వెళ్లిపోయాననీ, ఇవ్వకపోతే మొత్తం కాదన్నాననీ అంటారు. నేను కొంచెం ఇచ్చి కొంచెం ఆపడానికి ఇందులో ఏదీ? ఉండండి, ఆయన్ని పిలుస్తాను.”

దేవీప్రసాద్ వచ్చాడు. ఇద్దరినీ బల్లకి అటూ ఇటూ కూర్చోబెట్టారు. అర్జునరావు బల్లని చూడగానే కొంచెం కదిలాడు గాని, మనసు గట్టి చేసుకున్నాడు. ఇవాళ బేరం లేదు. రెండంటే రెండే.

“నాకు పన్నెండు,” అన్నాడు దేవీప్రసాద్.

“రెండు,” అన్నాడు అర్జునరావు.

“ఇంతమంది నీళ్లు, కార్లు ఆ కాలనీ మోయలేదు ప్రసాద్ గారూ, కొంచెం తగ్గండి,” అన్నాడు ఎమ్మెల్యే.

దేవీప్రసాద్ నుదురు రుద్దుకున్నాడు. నిట్టూర్చాడు. “సరే, గురువుగారి మొహం చూసి, పది.”

పది అన్న మాట వినగానే అర్జునరావు ఒంట్లో ఏదో పాత మోటారు తిరిగింది. అవతలివాడు రెండు దిగాడు! దిగినవాడు ఇంకా దిగుతాడు! “మూడు,” అని నోరు తనంతట తానే అనేసింది. ఇక ఆపడం ఆయన వల్ల కాలేదు. బల్ల గుద్దాడు. దేవీప్రసాద్ లేచి వెళ్లిపోబోయాడు. అర్జునరావు ఆయనకన్నా ముందే గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. టీలు వచ్చాయి, మళ్లీ టీలు వచ్చాయి. ఆఖరికి దేవీప్రసాద్ కుర్చీలో కూలబడి, “ఆరు. ఇంతకన్నా దింపితే నేను ఉరేసుకోవాలి,” అన్నాడు.

పన్నెండులో సగం! అర్జునరావు చెయ్యి మళ్లీ బల్ల దాటింది.

సాయంత్రం కాలనీలో మళ్లీ డప్పులు. పన్నెండుని ఆరు చేసిన మొనగాడని దండ వేశారు. అప్పలసూరి జిమ్ము దిగి వచ్చి మరీ కౌగిలించుకున్నాడు. అర్జునరావు స్టూలెక్కి ఇంట్లోకి వచ్చి, దండ మేకుకి తగిలించి, గర్వంగా చెప్పాడు.

“ఆరుకి దింపీసినానే పైడీ.”

పైడితల్లి గుమ్మడికాయ ముందు కత్తిపీట వేసుకుని కూర్చుని ఉంది. తరగడం ఆపింది.

“ముందు ఐదు కదా మావా?”

డప్పులు ఇంకా వినిపిస్తున్నాయి. అర్జునరావు వేళ్ల మీద లెక్క వేసుకోబోయి ఒక చేతి వేళ్లు సరిపోక ఆగిపోయాడు. ఐదు ఉన్నదాన్ని పన్నెండు చేసి, వీరోచితంగా పోరాడి, ఆరు చేసుకొచ్చాడు. మధ్యలో ఇంటి మెట్లు కూడా పోయాయి. ఆయనకి సిగ్గేసింది, నానున్నాను కదా అని తాను అన్న మాట గుర్తొచ్చింది. వెళ్లి ఆవిడ ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు.

“ఓడిపోనానే పైడీ,” అన్నాడు. ఆ మాట ఆయన నోట అంతకుముందు ఎవరూ వినలేదు. “నీకొక్కటీ తేలేకపోనాను.”

ఏడవబోతున్నాడేమోనని ఆవిడ చేతికి ఒక గుమ్మడి ముక్క ఇచ్చి గింజలు తీయమంది.

మర్నాడు పైడితల్లి చీర మార్చుకుని, ఉన్న వడియాల్లో మంచివి చూసి వేయించి, డబ్బాలో పెట్టుకుని తూర్పు స్థలంలోకి వెళ్లింది. దేవీప్రసాద్ రేకుల షెడ్డులో ఉన్నాడు. ఎంతసేపో మాట్లాడి ఖాళీ డబ్బాతో తిరిగొచ్చింది. ఏం మాట్లాడావంటే, వడియాలు బాగున్నాయన్నాడని మాత్రం చెప్పింది.

భవనం లేచింది. రెండేళ్లు పట్టింది. ఒక్కో అంతస్తు లేస్తున్నకొద్దీ అర్జునరావు తన డాబా వైపు చూడటం మానేశాడు. ఆరో అంతస్తు అయ్యేసరికి డాబా మీద పాచి పట్టింది. గృహప్రవేశాలు మొదలైన రోజున దేవీప్రసాద్ స్వయంగా వచ్చి పైడితల్లి చేతిలో ఒక తాళంచెవి పెట్టి దణ్ణం పెట్టి వెళ్లాడు.

“ఏటది?” అన్నాడు అర్జునరావు.

“వాళ్ల డాబాది. వడియాల పిండి గిన్నె అందుకో మావా, బరువుగా ఉంది.”

లిఫ్టులో ఇద్దరూ, పిండి గిన్నె, పంచెలు, చేతికర్ర పైకి వెళ్లారు. తలుపు తీసేసరికి ఎండ ముఖాన కొట్టింది. ఆ డాబాకి తూర్పు లేదు, పడమర లేదు, అప్పలసూరి మూడంతస్తులు ఎక్కడో కాళ్ల కింద. ఒకవైపు ప్లాంటు పొగ గొట్టాలు, ఇంకోవైపు పోర్టు క్రేన్లు, వాటి వెనక సముద్రం తెల్లగా మెరుస్తోంది. పైడితల్లి చెప్పులు విడిచి గచ్చు మీద అరికాలు పెట్టి చూసింది. చుర్రుమంది. ఆవిడ ముఖం విప్పారింది.

“ఆయన ఊరికే ఇచ్చీసినాడేటి?” అన్నాడు అర్జునరావు నమ్మలేక.

“ఊరికే ఎవలిస్తారు? రెండడిగినాను.”

“రెండేటి?”

“ఒకటి, పై అంతస్తు తీసీమని. రెండు, డాబా తాళం.”

“పై అంతస్తు తీయనేదు కదే!”

“తీయడని నాకు తెలీదేటి? అది వదులుకునే డిమాండు.” పంచె పరిచి నాలుగు మూలలా రాళ్లు పెట్టింది. “పాపం, ఆయనకీ నీ పద్ధతే. మొదట్నించీ కావాల్సింది ఆరేనంట. పన్నెండంటేనే ఆరు దక్కుతాయని నిన్ను చూసి నేర్చుకున్నాడంట. నువ్వంటే ఎంత గౌరవమో.”

అర్జునరావు పిట్టగోడ పట్టుకుని కాసేపు సముద్రంకేసి చూశాడు. వెనక పైడితల్లి తడి చేత్తో వడియాలు పెట్టుకుంటూ పోతోంది. వరసలు వరసలుగా, ఎండ మొత్తం తనదే అన్నట్టు పెడుతోంది. రెండేళ్లుగా ఆవిడ అలా తిరగడం ఆయన చూడలేదు. ఆయనకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఒక కాకి వచ్చి నీళ్ల ట్యాంకు మీద వాలింది. వెనక ఇంకొకటి.

“సూసినావా?” అంది పైడితల్లి. “పన్నెండంతస్తులైతే కాకులు ఇంత పైకి రాకపోను. నువ్వే తగ్గించీసినావు.”

“పైడీ...”

“సాల్లే గాని, కర్ర పట్టుకుని ఆ నీడలో కూకో. పొద్దుగూకే దాకా కదలకు.”

పొద్దుగూకే దాకా అంటే మధ్యాహ్నం దాకా అని అర్థం. సగానికి కోయడం ఇంట్లో అందరికీ వచ్చిన విద్యే. అర్జునరావు నోరు తెరిచాడు. ఆవిడ వడియాల మధ్య నుంచి తలెత్తి, బేరం కోసం ఎదురుచూస్తున్నట్టు చూసింది.

ఆయన నోరు మూసుకుని, కర్ర అందుకుని, నొప్పి ఉన్న కాలు చాపుకుని ట్యాంకు నీడలో కూర్చున్నాడు. పొద్దుగూకే దాకా కదల్లేదు.